చెంబెడు సముద్రం

మా నాయనకు మద్రాసు మీద ఉన్న ప్రేమ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చిత్తూరులో మాకు బెల్లం మండీ ఉండేది. ఇల్లు దాని వెనకే. సాయంత్రం బేరాలు ముగిశాక నాయన సుద్దముక్క తీసుకుని మండీ గచ్చు మీద మద్రాసు పటం గీసేవాడు. చుట్టూ మగవాళ్ళు చేరేవాళ్ళు. ఇది కూవం ఏరు, ఇది కోట, ఇది తంగసాల వీధి, ఇవన్నీ మనవాళ్ళ పేటలు అని చెప్పుకుంటూ పోయేవాడు. కోట కట్టుకోవడానికి ఇంగ్లీషువాళ్ళకు ఆ ఇసుకనేల ఇచ్చింది మన చంద్రగిరి రాజులేనట. వయసులో ఉన్నప్పుడు తాను 'మద్రాసు మనదే' అని అరుస్తూ ఊరేగింపులో నడిచాడట. ఊరు చేజారి ఎన్నేళ్ళయినా ఆ అరుపు మాత్రం ఆయన గొంతులోంచి పోలేదు.

తూర్పు దిక్కుకు రాగానే అమ్మను కేకేసేవాడు. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేది. వీధి కొళాయి దగ్గర బిందె నీళ్ళకు జుట్లు పట్టుకునే ఎండాకాలంలో కూడా ఇవ్వాల్సిందే. సుద్దగీత పక్కన ఆ నీళ్ళు ధారగా పోసి, ఇదీ సముద్రం అనేవాడు. అందరూ తలలూపి వెళ్ళిపోయాక అమ్మ గోనెగుడ్డ తెచ్చి ఆ సముద్రాన్ని తుడిచేది. తడి నేల మీద బెల్లం దించకూడదు మరి.

అమ్మ నిజం సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. మద్రాసుకు మగవాళ్ళే పోయేవాళ్ళు. ఇంట్లో ఆడవాళ్ళ పెండ్లి చీరలు కూడా వాళ్ళే పోయి, తమకు నచ్చిన రంగుల్లో తెచ్చేవాళ్ళు. అమ్మ ఏ రంగూ అడిగేది కాదు. ఒక్కసారి సముద్రంలో కాళ్ళు తడుపుకోవాలని మాత్రం అడిగేది. ఈసారి తీసుకుపోతానని నాయన ప్రతిసారీ అనేవాడు.

నేను పదో తరగతిలో ఉండగా ఎట్టకేలకు మా ఇద్దరినీ తీసుకుపోయాడు. తడిసిన చీర మార్చుకోవాలి గదా అని అమ్మ సంచిలో ఇంకో చీర పెట్టుకుంది. కాట్పాడిలో రైలు మారి మద్రాసులో దిగాం. నాయన నేరుగా తంగసాల వీధికి నడిపించాడు. ఏ అరుగు మీద ఎవరు కూర్చునేవాళ్ళో, ఏ గోడ మీది తెలుగు అక్షరాలకు సున్నం కొట్టేశారో, ప్రతి మలుపులో నిలబెట్టి చెప్పాడు. అంతలో తెలిసిన తెలుగు వ్యాపారి ఒకాయన కనబడ్డాడు. ఇంకేముంది, ఇద్దరూ కాఫీలు తాగుతూ రాష్ట్రం విడిపోయిన నాటి తగువంతా మొదటినుంచి తిరగదోడారు. మేము గుమ్మం పక్కన నిలబడే ఉన్నాం. అమ్మ మెల్లగా గుర్తుచేసింది.

"సముద్రం యాడికి పోతుందే? ఈడనే ఉంటుంది గదా," అన్నాడు నాయన.

ఎండ తగ్గింది. రైలుకు టైమైందన్నాడు. అమ్మ ఆ పొడి చీర సంచిని ఒళ్ళో పెట్టుకుని కాట్పాడి దాకా కూర్చుంది.

రెండేళ్ళ తర్వాత, కాలేజీలో చేరడానికి మద్రాసు వెళ్ళినప్పుడు, అదే వీధి చివర బస్సెక్కాను. చేతిలో ఉన్న వేరుశనక్కాయల పొట్లం ఖాళీ కాకముందే సముద్రం వచ్చేసింది. ఆ ఒడ్డున నిలబడి నాయనను నోరారా తిట్టాను. పోయిన ఊరి కోసం ఏడవడానికి ఆయనకు పగలంతా దొరికింది. పక్కనున్న మనిషి కాళ్ళు తడవడానికి కాసేపు దొరకలేదు.

అది తర్వాతి మాట. మేము చిత్తూరు చేరిన మర్నాడు సాయంత్రం మండీలో మామూలుకన్నా ఎక్కువమంది చేరారు. ఇంట్లోవాళ్ళకు మద్రాసంతా చూపించి వచ్చానని నాయన గొప్పగా చెప్పి, పటం గీసి, తూర్పుకు రాగానే కేకేశాడు. అమ్మ ఉత్త చేతులతో వచ్చి గడపలో నిలబడింది.

"నీళ్ళు యాడ?" అన్నాడు నాయన.

నలుగురు మగవాళ్ళ ముందు అమ్మ నోరు విప్పగా నేను చూసింది అదే మొదలు.

"మీ మద్రాసులో సముద్రం లేదు," అంది. "నేను పోయి సూసి వచ్చినాను గదా."