ముడి వెయ్యని దారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అపురూపంగా దాచిపెట్టుకున్న వస్తువంటూ ఏదీ ఉండేది కాదు. ఉన్నవన్నీ తెల్లారితే పనిలోకి దిగేవే. ఇసుర్రాయి జొన్నలు విసిరేది. ఆనపకాయ బుర్ర నీళ్ళు నింపుకొని మాతోపాటు అడవికి వచ్చేది. తడికెలా అల్లి పేడ అలికిన గుమ్మి వడ్లు ఉన్నన్నాళ్ళు వడ్లు దాచేది, అవి అయిపోయాక కోడిపెట్టకు పొదగడానికి చోటిచ్చేది. ఇక చలికాలం వచ్చిందంటే మా ముగ్గురికీ ఒకటే బొంత. నాయనమ్మ, అమ్మ, నేను.

ఈ మాట ఇప్పుడెందుకు ఎత్తానంటే, మొన్న ఇద్దరు కుర్రాళ్ళు కారేసుకొని మా ఊరికి వచ్చారు. ములకలపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. భద్రాచలం పోయే దారిలో ఎవరో పెద్ద హోటలు కడుతున్నారట. దాని గోడలకు పాత సామాను తగిలిస్తారట. ఎవరు చెప్పారో గానీ నేరుగా నా ఇంటికే వచ్చారు. ఇసుర్రాయిని నాలుగు దిక్కుల నుంచి ఫోటో తీశారు. దాన్ని గోడకు ఎట్లా తగిలిస్తారో నాకైతే అర్థం కాలేదు. తర్వాత మంచం మీది బొంతను చూశారు.

"తాతా, దీన్ని అద్దంల పెడితే మస్తుంటది. అడిగినంత ఇస్తం," అన్నాడు ఒకడు.

రెండోవాడు బొంత నడుమ వేలాడుతున్న దారప్పోగును వేళ్ళతో పట్టుకున్నాడు. "ఇది ఊడినట్టుంది తాతా, కోసేస్తున్న," అంటూ తాళాలగుత్తికి ఉన్న చిన్న కత్తి తెరిచాడు.

నేను అరిచిన అరుపుకు పక్కింటి కుక్క లేచి మొరిగింది. ఆ పిల్లలు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా కారెక్కారు. ముసలాడికి మతి తప్పిందని అనుకునే ఉంటారు. అనుకోనీ. ఆ దారం సంగతి వాళ్ళకు నిలబడి చెప్పేంత ఓపిక ఆ పూట నాకు లేకపోయింది. ఇక్కడ రాస్తున్నాను.

నేను బడిలో కూర్చొని చదువుకున్నవాణ్ణి కాదు. బస్సుల మీద రాసిన ఊరి పేర్లు, బెల్లం పొట్లం కట్టిన కాగితాలు, ఇవే నాకు పంతుళ్ళు. అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. జ్ఞాపకం మాత్రం మొదటినుంచీ గట్టిదే. ఎవరేమన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో కూడా నాకు గుర్తు.

నాకు ఆరేడేళ్ళప్పుడు మా అయ్య వెదురు కూపుకు పోయాడు. కూపంటే అడవిలో వెదురు నరకడానికి గీసి ఇచ్చిన భాగం. గుత్తేదారు మనుషులు వచ్చి మా చుట్టుపక్కల ఊళ్ళలోని మగవాళ్ళను పోగుచేసి, గోదావరి దాటించి, అవతల లారీ ఎక్కించుకొని పోయారు. వానలు పడేలోపు మిగతావాళ్ళందరూ తిరిగొచ్చారు. అయ్య రాలేదు. జ్వరమొచ్చి ఆగిపోయాడని ఒకడన్నాడు. ఇంకో లారీ ఎక్కడం చూశానని మరొకడన్నాడు. నాయనమ్మ రెండుసార్లు రేవుదాకా నడిచిపోయి గుత్తేదారును అడిగింది. ఆ పేరుగలవాడు ఎవడో తనకు తెలియదన్నాడట. ఎద్దును కొన్నవాడైనా దాని కొమ్ములు చూసి గుర్తుపెట్టుకుంటాడు. పనికి తీసుకుపోయిన మనిషి పేరు రాసుకోవాలని ఆ పెద్దమనిషికి తోచలేదు. ఇన్నేళ్ళైనా ఆ మాట తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

రెండు వానాకాలాలు గడిచాయి. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. అమ్మ గాజులు వేసుకొని నీళ్ళకు పోతుంటే ఆడవాళ్ళు మాట ఆపి చూసేవాళ్ళు. మా తాత తమ్ముణ్ణి నేను చిన్నతాత అనేవాణ్ణి. మా వాడలో పెద్దరికమంతా ఆయనదే. ఆయన ప్రతి అమావాస్యకూ వచ్చి మంచం మీద కూర్చొని, "వదినె, ఇంకెన్నొద్దులు సూస్తవు? దినం చేసి, కోడలి గాజులు తీయిస్తె నలుగుర్ల మంచిగుంటది," అనేవాడు. నాయనమ్మ వినిపించనట్టు చాటలో బియ్యం చెరుగుతూనే ఉండేది.

ఆ యేడు పంట కోతలయ్యాక నాయనమ్మ కొత్త బొంతకు కూర్చుంది. మా ఇళ్ళల్లో బొంత కుట్టడమంటే రెండు మూడు వారాల పని. వాకిట్లో ఎండలో పాత చీర పరిచి, నాలుగు మూలలా బరువులు పెడుతుంది. దాని మీద పాత పంచెలు, రవికెలు, లంగా ముక్కలు పొరలు పొరలుగా పేరుస్తుంది. నాలుగు పోగులు కలిపి పేనిన దారాన్ని అడవిలో దొరికిన తేనెమైనానికి రుద్దుతుంది. అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, నడిమికి వస్తూ కుడుతుంది. దారం అయిపోయిన ప్రతిచోటా గట్టి ముడి. ఆమె వేసిన ముడిని పంటితో కూడా విప్పలేం.

ఆ రోజు పేర్చి ఉన్న పాతబట్టల మీద అయ్య చొక్కా కనిపించింది. నీలం గళ్ళ చొక్కా. కూపుకు పోతూ, చెట్ల మధ్య చిరిగిపోతుందని దండెం మీద వదిలేసి పోయిన ఒకే ఒక మంచి చొక్కా. మా వైపు ఒక పద్ధతి ఉంది. బతికున్న మనిషి తొడుక్కునే బట్టను బొంతలో వెయ్యరు. చిరిగి పనికిరాకుండా పోతే వేస్తారు, లేదంటే మనిషి పోతే వేస్తారు. అయ్య చొక్కా ఎక్కడా చిరగలేదు. ఎనిమిదేళ్ళవాణ్ణే అయినా ఆ చొక్కా అక్కడెందుకుందో నాకు అర్థమైంది. నాయనమ్మ కూడా ఒప్పుకుందన్నమాట. రేపు అమ్మ గాజులు తీస్తారన్నమాట.

చొక్కా లాక్కొని పరుగెత్తాను. "ఒరేయ్, ఆగురా," అని ఆమె పిలుస్తూనే ఉంది. ఇంటి వెనక నుంచి తిరిగొచ్చి, ఎవరూ లేనప్పుడు గుమ్మి కింద రాళ్ళ సందులో దాన్ని లోపలికంటా తోసేశాను.

నన్నెవరూ కొట్టలేదు. ఎక్కడ పెట్టావని అమ్మ ఒకసారి అడిగింది. నేను చెప్పకుండా వాకిట్లోకి ఉరికాను. నాయనమ్మ అయితే అసలు అడగనే లేదు. తన పాటికి తాను కుట్టుకుంటూ పోయింది. నడిమికి వచ్చేసరికి చొక్కా అంత జాగా వదిలి సూది పక్కన పెట్టింది. అక్కడ అడుగున పరిచిన పాత చీర ఒక్క పొరే ఉంది.

"అత్తా, నడుమ అట్లనే ఇడిసినవేంది?" అంది అమ్మ.

"ఆడ ఏసేది నా తాన లేదు. తెచ్చినప్పుడు ఏస్త."

అంతే. ఆ మాట నా దిక్కు చూసి కూడా అనలేదు.

పుష్యమాసం చలి అడవి పక్కన ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. మేము ముగ్గురం ఆ బొంత కిందే పడుకునేవాళ్ళం. నాకెప్పుడూ చలి పెట్టలేదు. నడుమ పలచగా ఉందనే మాటే మరిచిపోయాను. ఒక తెల్లవారుజామున నాయనమ్మ దగ్గుకు మెలకువ వచ్చింది. బొంత దళసరి భాగం మడతపడి నా మీద, అమ్మ మీద ఉంది. ఆ ఒంటిపొర జాగా సరిగ్గా నాయనమ్మ పక్కటెముకల మీద ఉంది. ఆమె మోకాళ్ళు కడుపులోకి ముడుచుకొని, రెండు చేతులతో ఆ పలచటి చోటును గుండెకు పట్టుకొని పడుకుంది. ప్రతిరోజూ అట్లాగే పడుకుంటోందని నాకప్పుడు అర్థమైంది.

పొద్దెక్కాక ఆమె బొంతను తెచ్చి దడి మీద ఆరేసింది. ఎండ ఆ నడిమి జాగాలోంచి ఇవతలికి వచ్చి నేల మీద పడింది. చుట్టూ నీడ, మధ్యలో చొక్కా అంత వెలుతురు. నేను కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, తర్వాత ఇంట్లోకి పోయి గుమ్మి కింద చెయ్యి పెట్టాను.

చేతికి ముందు మట్టి తగిలింది. చొక్కా బయటికి లాగితే దాంతోపాటు చెదలు రాలాయి. కుడిచెయ్యి మోచేతిదాకా తినేశాయి. కాలరు మీద మట్టి గూడు కట్టాయి. ఎవరూ కత్తిరించకూడదని దాచానా, దాచిన చోటే అది తినబడిపోయింది. ఏడుపు కూడా రాలేదు నాకు. అయ్యను నేనే పోగొట్టినట్టు అనిపించింది.

దాన్ని రెండు చేతులతో పట్టుకుపోయి నాయనమ్మ ముందు పెట్టాను. ఆమె చెంప మీద కొడుతుందని కళ్ళు మూసుకున్నాను. ఆమె చొక్కాను దులిపింది. కాలరు మీది మట్టిని గోటితో గీకింది. "మొత్తం తినలేదుగద బిడ్డా," అంది. "నువ్వు ఉరికినవ్ గని, నేను కోస్తనని ఎవలు చెప్పిన్రు?"

ఆ మధ్యాహ్నమే కుట్టడానికి కూర్చుంది. చొక్కాకు కత్తెర తగలనివ్వలేదు. గుండీలన్నీ పెట్టింది. తినేసిన చేతిని కిందికి మడిచింది. చొక్కాను ఉన్నదున్నట్టు నడుమ పరిచి చుట్టూ కుట్టింది. జేబు నోరు మాత్రం కుట్టలేదు. సూది గుచ్చేముందు దారం కొసన ముడి వేయకపోవడం నేను చూశాను. మరిచిపోయిందేమో అనుకున్నాను. చుట్టూ తిరిగొచ్చి ఆఖరున కూడా ముడి వెయ్యలేదు. బెత్తెడు దారం అట్లాగే వేలాడదీసింది.

చిన్నతాతకు ఎవరు మోసుకుపోయారో కబురు, పొద్దు వాలకముందే వచ్చాడు. వెనకే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు దడి దగ్గర నిలబడ్డారు. అమ్మ గడప లోపల ఆగిపోయింది. ఒక చెయ్యి రెండో చేతి గాజుల మీద ఉంది. ఆ చెయ్యి నాకిప్పటికీ కనబడుతుంది.

"ఇగ ఒప్పుకున్నట్టే గద వదినె. మంచి పని చేసినవ్. బొంతల ఏసినంక ఇంక మాటేముంది," అన్నాడు చిన్నతాత.

నాయనమ్మ లేవలేదు. వేలాడుతున్న దారాన్ని ఆయన వైపు పట్టి, "గుంజు," అంది.

"ఏందే?"

"గుంజి సూడు మరిది. సేతులున్నయి గద."

ఆయన అనుమానంగా పట్టుకొని లాగాడు. దారం జారి మూరెడు బయటికొచ్చింది. ఆ మేరకు చొక్కా అంచు లేచి నిలబడింది.

"ముడి ఏదే?"

"ఎయ్యలె. నా కొడుకు వచ్చి, అవ్వా నా చొక్కా ఏదంటడు. గప్పుడు ఈ కొస పట్టి ఒక్క గుంజు గుంజి, దులిపి చేతికిస్త. అందాక ఈ పిల్లగానికి చలి ఆపుతది. నా కోడలి గాజుల దిక్కు సూసుడు ఆపి, నీ పంచెకు ముడి ఉన్నదో లేదో సూసుకో పో."

దడి దగ్గర ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. చిన్నతాత చెయ్యి నిజంగానే నడుము మీదికి పోయింది. ఆ తర్వాత ఏ అమావాస్యకూ ఆయన ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు ఆయన వెళ్ళాక, లాగిన మూరెడు దారాన్ని నాయనమ్మ మళ్ళీ సూదికి ఎక్కించి, ఏమీ జరగనట్టు కుట్టుకుంది.

అయ్య రాలేదు.

ముడి లేని కుట్టు నిలవదు. ఉతికినప్పుడల్లా జారుతుంది. చలికాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి నాయనమ్మ ఆ దారాన్ని కొత్తగా సర్దేది. అది చీకిపోతే ఇంకో దారం ఎక్కించేది. అప్పుడూ ముడి వేసేది కాదు. అయ్య వస్తాడని ఆమె నిజంగా నమ్మిందో లేదో నాకు తెలియదు. కొన్నిసార్లు ఆ పని చేస్తున్నప్పుడు ఆమె ముఖం చూస్తే నమ్మలేదనే అనిపించేది. అయినా చెయ్యి ఆగేది కాదు. ఆమె తర్వాత అమ్మ కుట్టింది, చివరిదాకా గాజుల చేతులతోనే. అమ్మ పోయాక సూది నేను పట్టుకున్నాను. నాకు పెళ్ళయింది, పిల్లలు కలగలేదు, నా భార్య కూడా పోయి చాలా ఏళ్ళయింది. బొంత అడుగుపొరలు ఎన్నిసార్లు మారాయో లెక్క లేదు. గళ్ళు కనబడనంతగా వెలిసిపోయినా చొక్కా మాత్రం అదే. ఇప్పుడు దాని కింద నేనొక్కణ్ణే. మంచం నిండా జాగానే.

వచ్చి అడిగేవాడెవడూ లేడని నాకు తెలుసు. లెక్క వేసుకుంటే అయ్యకు ఇప్పుడుండాల్సిన వయసుదాకా మా ఊళ్ళో ఎవరూ బతకలేదు. మనిషిని లారీ ఎక్కించుకుపోయి పేరు తెలియదన్నవాడి మీద నా కోపం చావలేదు. ఆ ముడి వేస్తే వాడి మాటకు నేను తలూపినట్టవుతుంది.

ఆ హోటలు కుర్రాళ్ళు పోయిన మర్నాడు చూస్తే, కత్తి తెరిచినవాడు దారం పట్టుకొని లాగడం వల్ల కుట్టు కొంత జారింది. నా కళ్ళకు సూది బెజ్జం కనిపించడం లేదు. పక్కింటి చిన్నపిల్లను పిలిచి దారం ఎక్కించమన్నాను. ఎక్కించి, వాళ్ళమ్మ నేర్పిన అలవాటు కాబోలు, కొసన చక్కగా ముడి వేసి ఇచ్చింది. నేను గోటితో ఆ ముడి విప్పుతుంటే వింతగా చూసింది.

"ముడి లేకుంటె ఊడిపోదా తాతా?"

"ఊడుతది బిడ్డా. మళ్ళ కుడుత. నువ్వు ఎక్కించి ఇస్తవు గద."

"అవ్," అని, అరుగు మీద నా పక్కన కూర్చుంది.