డాక్టర్ల పేకాటకు తాళం

2008లో నేను అమెరికాలోని అల్ఫారెట్టాలో ఒక ఆన్‌లైన్ పోకర్ కంపెనీలో సెక్యూరిటీ అనలిస్ట్‌గా పనిచేసేదాన్ని. పేకాట కంపెనీలో ఉద్యోగమని చెప్పుకోలేక బంధువుల దగ్గర "గేమింగ్ సాఫ్ట్‌వేర్" అని తప్పించుకునేదాన్ని. మా సైట్‌లో డబ్బుతో పని లేదు, చిప్స్ అనే ఉత్తుత్తి బిళ్ళలతో ఆడుకోవడమే. అయినా దొంగాటకి ఏం తక్కువ లేదు. చిల్లిగవ్వ చేయని చిప్స్ కోసం కూడా మనుషులు ఇంత గడ్డి తింటారా అని రోజూ విస్తుపోయేదాన్ని.

నాకు అప్పగించినవి ప్రైవేట్ టోర్నమెంట్‌లు. అంటే స్నేహితులో, ఒక ఆఫీసువాళ్ళో తమలో తాము ఆడుకునే పోటీలు. ఒక్కోదానికి ఒక పాస్‌వర్డ్ ఉంటుంది, అది తెలిసినవాళ్ళే లోపలికి వస్తారు. ఆ పాస్‌వర్డ్‌లు ఎక్కడ దొరుకుతాయా అని కాచుక్కూర్చునే బాపతు కూడా ఉంటారు. దొరికిందంటే ఈగల్లా ముసిరి, ఆట పాడు చేసి, చాట్‌లో నోటికొచ్చినట్టు వాగి పోతారు.

ఆ ఏడాది ఎండాకాలంలో "సండే క్లబ్" అనే టోర్నమెంట్ నా నెత్తిన పడింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆట, ప్రతి ఆదివారం పాస్‌వర్డ్ బయటికి పొక్కడం. ఇంకొక్కసారి లీక్ అయితే క్లబ్ మూసేయమని మా మేనేజర్ తేల్చి చెప్పేశాడు.

వాళ్ళ పాస్‌వర్డ్‌లు చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఇంగ్లీషు అక్షరాల్లో టీ. తర్వాతి వారం దోశ. ఆ తర్వాత మ్యాంగో, గుంటూరు. వీధి తలుపుకి దారప్పోగు కట్టి తాళం వేశామనుకునే మనుషులన్నమాట! అంతకన్నా అనుమానం రేపింది ఇంకొకటి. మా రికార్డుల్లో చూస్తే, ఆటగాళ్ళందరూ తమ వంతు వచ్చినప్పుడల్లా సైట్ ఇచ్చే గడువు దాదాపు అంతా వాడుకుంటున్నారు. చేతిలో చెత్త ఉన్నా సరే, పారేయడానికి అంతసేపు. ఫోన్లలో ఒకరి ముక్కలు ఒకరికి చెప్పుకునేవాళ్ళు ఇలాగే ఆడతారు. వీళ్ళే దొంగలు, లీక్ చేసేది కూడా వీళ్ళలో ఒకడే అని నిశ్చయించుకుని, క్లబ్ నడిపే డాక్టర్ ప్రభాకరం గారికి ఫోన్ చేశాను. మిషిగన్‌లోని నోవైలో ఉండే రిటైర్డ్ సర్జన్ ఆయన.

నా పేరు వినగానే ఆయన తెలుగులోకి దిగిపోయారు. "తెలుగమ్మాయివా! ఏ ఊరమ్మా మీది?"

"తెనాలి సర్. ముందు మీ పాస్‌వర్డ్‌ల సంగతి చెప్పండి. దోశ ఏమిటండీ? అది పాస్‌వర్డా, టిఫినా?"

"ఈ వారం చట్నీ పెడుతున్నాం," అని నవ్వారు.

"జోక్ చేయట్లేదు సర్. ఈసారి లీక్ అయితే మీ క్లబ్ క్లోజ్ చేసేస్తారు. మీలో ఎవరో బయటికి ఇస్తున్నారు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఎవరో మాకు తెలుసమ్మా."

"తెలిసే ఊరుకున్నారా? ఆయన్ని తీసేయొచ్చు కదా!"

"వాణ్ణి తీసేస్తే ఇంక ఆటెందుకు? ఆట పెట్టిందే వాడి కోసం."

అప్పుడు చెప్పారు. క్లబ్‌లో ఉన్నవాళ్ళంతా ఒకే మెడికల్ కాలేజీ బ్యాచ్. డెబ్బైల్లో ఈ దేశం వచ్చి తలో రాష్ట్రంలో స్థిరపడ్డారు. వాళ్ళలో సూర్యం గారని, ఫ్రీమాంట్‌లో ఎనస్తీషియా డాక్టరు. కిందటేడు స్ట్రోక్ వచ్చి మాట, కుడి చెయ్యి పోయాయి.

"బుర్ర మాత్రం భేషుగ్గా ఉందమ్మా. కానీ మేం చూడ్డానికి వెళ్తే మొహం గోడ వైపు తిప్పేసుకున్నాడు. హాస్టల్లో పేకాటకి వాడే మొనగాడు. ఇక్కడైతే నోరు తెరవకుండా మాతో కూర్చోవచ్చని ఇది మొదలెట్టాం. థెరపిస్ట్ కీబోర్డ్ ఇస్తే విసిరికొట్టినవాడు, ఆట అనేసరికి ఎడమ చేత్తో ముట్టుకున్నాడు. మొదటి వారం మూడక్షరాలు పెట్టాం. తర్వాత నాలుగు. వారానికి ఒకటి పెంచుకుంటూ వస్తున్నాం."

పాస్‌వర్డ్ అంటే మనిషిని గుమ్మం బయట ఆపేది అని నేర్చుకున్నదాన్ని నేను. వీళ్ళు దాన్ని మందులా డోసు పెంచుకుంటూ ఇస్తున్నారు!

లీక్ సంగతి కూడా ఆయనే చెప్పారు. సైట్ తెరవగానే కర్సర్ వెళ్ళి లాబీ చాట్‌లో నిలబడుతుంది. లాబీ అంటే సైట్‌కి వచ్చిన ప్రతివాడూ ముందు అడుగుపెట్టే హాలు లాంటిది. సూర్యం గారు ఒక్క వేలితో కష్టపడి పాస్‌వర్డ్ అంతా అక్కడే కొట్టి ఎంటర్ నొక్కేస్తారు. పొరపాటు తెలుసుకుని సరైన పెట్టెలో మళ్ళీ కొట్టేసరికి ఈగలు లోపల ఉంటాయి.

"బయటివాళ్ళు వచ్చేది దానివల్లేనని ఆయనకి చెప్పొచ్చు కదండీ?"

"చెప్తే మళ్ళీ కీబోర్డ్ ముట్టుకోడు. వాడి సంగతి మాకు తెలుసు. బయటివాళ్ళు తిడితే తిట్టనీ, మేం పడతాం."

"మరి అందరూ అంత స్లోగా ఆడతారేం?"

"వాడికి మౌస్ జరపడానికి టైమ్ పడుతుందమ్మా. వాడొక్కడే లేటైతే తెలిసిపోతుంది. అందరం లేటైతే ఆట స్పీడే అంత అనుకుంటాడు."

ఆపరేషన్ థియేటర్‌లో కత్తి అందించడం క్షణం ఆలస్యమైతే అరిచే మనుషులు వీళ్ళు! ఒక స్నేహితుడి వేలి కోసం అందరూ తమ చేతులు కట్టేసుకుని కూర్చుంటున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. "అంకుల్, ఆదివారం లోపల నేనేదో ఒకటి చేస్తాను," అన్నాను. సర్ అన్నదాన్ని అంకుల్ అని ఎప్పుడు మారానో నాకే తెలియదు.

వైట్‌లిస్ట్ పెట్టాను. అంటే పాస్‌వర్డ్ ఎవరికి తెలిసినా, మనం ముందుగా ఇచ్చిన పేర్లవాళ్ళకే తలుపు తెరుచుకుంటుంది. మా మేనేజర్ చూసి, "అలాగైతే ఇంక పాస్‌వర్డ్ ఎందుకు, తీసెయ్," అన్నాడు. "తాళం తీసేసినా ఫరవాలేదు గానీ పాస్‌వర్డ్ మాత్రం తీయకూడదు," అని వాదించి, విషయం చెప్పాను. అతను సరేనన్నాడు. ఇంకో ఏర్పాటు కూడా చేశాను. సూర్యం గారు లాబీలో కొట్టేది ముందు నా స్క్రీన్ మీదకి వచ్చి ఆగుతుంది, నేను వదిలితేనే బయటికి పోతుంది. ఆయన్ని ఎవరూ వెక్కిరించకూడదు.

ఆ ఆదివారం చట్నీ నా దగ్గరే ఆగింది. బయటివాడు ఒక్కడూ లోపలికి రాలేదు. క్లబ్ నిలబడింది.

వేసవి చివరికి సూర్యం గారు ఒక ఆదివారం ఆట గెలిచారు. గెలిచినవాడే తర్వాతి పాస్‌వర్డ్ పెట్టాలని ప్రభాకరం గారు అప్పటికప్పుడు రూలు కల్పించారు. సూర్యం గారు వారమంతా తంటాలు పడి ఒక మాట ఈమెయిల్‌లో పంపారట.

ఆదివారం ఆ మాట ఎప్పటిలాగే తప్పు పెట్టెలో పడి, నా స్క్రీన్ మీదకి వచ్చింది. "వసుంధర" అని ఇంగ్లీషులో, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

ప్రభాకరం గారికి ఫోన్ చేశాను. "అంకుల్, వసుంధర ఎవరు?"

"వాడి భార్యమ్మా. స్ట్రోక్ వచ్చాక ఆవిడ పేరు వాడి నోట రాలేదు. పిలవాలంటే బల్ల మీద కొడతాడు."

"ఆవిడ చూశారా?"

"లేదు. ఆట టైమ్‌లో ఆ గదిలోకి రానివ్వడు."

ఆ మాట నా దగ్గర ఆగి ఉన్నంతసేపూ ఆయన తెర మీద కూడా కనిపించదు. "ఆంటీకి ఫోన్ చేసి, వెళ్ళి స్క్రీన్ చూడమనండి," అని చెప్పి, నేను బటన్ నొక్కి వదిలేశాను. లాబీ అంతా చూసింది.

ఆట మొదలైంది. ముక్కలు పడ్డాయి. ఎవరూ ఏదీ ఆడలేదు, గడువు అయిపోయి ముక్కలు వాటంతట అవే వెనక్కి పోతున్నాయి. కొంతసేపటికి సూర్యం గారి పేరు మీదే ఇంకో మాట వచ్చి నా దగ్గర ఆగింది. అది ఆయన కొట్టింది కాదని చదవగానే తెలిసింది. "చూశానండీ" అని ఉంది. దాన్ని కూడా వదిలాను.

ఇప్పుడు ఎవరైనా పిచ్చి పాస్‌వర్డ్ పెట్టుకున్నారంటే, కసిరే ముందు అది ఎవరి కోసం పెట్టారని అడుగుతాను. పాస్‌వర్డ్‌లు బయటపడకుండా చూడటమే నా వృత్తి. ఇన్నేళ్ళలో నా చేత్తో నేను బయటపెట్టింది ఆ ఒక్కటే.