రహమతుల్లా గారు ఒప్పుకోని చీటీ

అట్టలు ఊడిపోయిన నా పాత నిఘంటువును బైండింగుకు ఇద్దామని ఈమధ్య విజయవాడ వన్‌టౌన్‌లో ఒక సందులోకి వెళ్ళాను. దుకాణం గుమ్మంలో కాలు పెట్టానో లేదో, ఉడికించిన మైదా జిగురు వాసన ముక్కుకు తగిలింది. పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం ఘాటు కూడా. దుకాణదారు స్టూలు జరిపి "కూర్చోండి సార్" అన్నాడు. కూర్చోలేకపోయాను. పుస్తకం అతని చేతిలో పెట్టి బయటికొచ్చి, ఎదురుగా ఉన్న సోడాబండి దగ్గర నిలబడ్డాను. నలభై అయిదేళ్ళు దాటాయి. అయినా ఆ వాసన తగిలితే నేను మళ్ళీ ఇరవై మూడేళ్ళ గుమస్తానే. రహమతుల్లా గారు నన్నేదో అడుగుతుంటారు. నేను తల దించుకుని ఉంటాను.

రహమతుల్లా గారు మీకు తెలియరు. తెలిసే దారీ లేదు. వేల పుస్తకాలకు అట్టలు కట్టిన మనిషే గాని, ఆయన పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. వన్‌టౌన్‌లో మసీదు పక్కన ఆయన బైండింగు దుకాణం ఉండేది. పరంధామయ్య గారి రాతప్రతులు ప్రెస్సుకు వెళ్ళేముందు, ప్రెస్సు నుంచి వచ్చాక, రెండుసార్లూ ఆయన చేతుల మీదుగానే పోయేవి. పరంధామయ్య గారి నవల ఒక్కటైనా లేని ఇల్లు ఆ రోజుల్లో కృష్ణా జిల్లాలో తక్కువ. ఆ మహారచయిత పోయిన మూడేళ్ళకు, చల్లపల్లి దాటాక కాలవ గట్టున ఆయన ఉండి రాసుకున్న పొలం మకాంను జనం వచ్చి చూసే మ్యూజియంగా చెయ్యాలని ఒక స్మారక సంఘం ఏర్పడింది. ఆయన మేనల్లుడు చలపతిరావు గారు దానికి అధ్యక్షులు. కాగితాల సంగతి తెలిసినవాడని రహమతుల్లా గారిని పిలిచారు. వస్తువుల పక్కన పెట్టే చీటీలు రాయడానికి దస్తూరీ బాగున్న కుర్రాడు కావాలంటే, హనుమాన్ జంక్షన్‌లో లారీ ఆఫీసులో బిల్లులు రాసుకుంటున్న నన్ను ఎవరో చూపించారు.

మకాం అంటే పెద్ద మేడ అనుకోకండి. రెండు గదుల పెంకుటిల్లు, చుట్టూ వసారా, వెనక వంటపాక, ఆ వెనక ధాన్యం కొట్టు. ఎటు చూసినా వరి. మొదటిరోజు నేను వసారాలోని పడక్కుర్చీ ముందు కూర్చుని, ‘పరంధామయ్య గారు రచన చేసే కుర్చీ’ అని గుండ్రంగా రాసి చూపించాను. మెచ్చుకుంటారనుకున్నాను. రహమతుల్లా గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నన్ను చూశారు.

"ఇందులో కూర్చుని రాశారని ఎవరు చెప్పారు అబ్బాయ్?"

"ఎవరూ చెప్పలేదండీ. ఇక్కడే ఉంది కదా అని..."

"కుర్చీ ఉండటం నీకు తెలిసింది. రాయడం నువ్వు అనుకున్నది. తెలిసింది ఒకటి, విన్నది ఒకటి, అనుకున్నది ఒకటి. మూడింటినీ ఒకే సిరాతో రాయకూడదు. రేపు ఊళ్ళోంచి జనం వస్తారు. నీ అక్షరం అందంగా ఉంటే నిజమనే నమ్ముతారు. అందుకని నీలాంటివాడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి."

ఆ చీటీ చించి, ‘పడక్కుర్చీ. ఈ వసారాలో ఉండేది’ అని రాయించారు. నాకు చిన్నతనంగా అనిపించింది. తర్వాత రెండు నెలలు మేమిద్దరం పొలాల వెంట తిరిగాం. కౌలు రైతుల్నీ, చాకలివాళ్ళనీ, కాలవ మీద పడవ నడిపినవాళ్ళనీ అడిగాం. రచయిత ఎప్పుడు లేచేవాడు, ఎక్కడ కూర్చునేవాడు, ఎవరితో పోట్లాడేవాడు. కుర్చీలో ఆయన ఎన్నడూ రాయలేదనీ, ధాన్యం కొట్టు గడప మీద కూర్చుని తొడ మీద అట్ట పెట్టుకుని రాసేవాడనీ అప్పుడే తెలిసింది. ఆ మాట విన్నరోజు రహమతుల్లా గారు "చూశావా, గడప! మనం కుర్చీని పూజించబోయాం" అని పకపకా నవ్వారు. నాకు చదువు చెప్పిన మేష్టార్లు చాలామంది ఉన్నారు. ఒక సంగతిని చూడటం నేర్పింది మాత్రం ఆయనే.

అందరూ చివరికి ఒకే పేరు చెప్పేవారు. "నాంచారమ్మనడగండి. అయ్యగారి సంగతులు ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాయి?" ఆవిడ నాగాయలంక అవతల సముద్రపు ఒడ్డున ఒక పల్లెలో ఉంటుందన్నారు. వేటకు వెళ్ళిన భర్త తిరిగిరాలేదట. ఎండుచేపలు అమ్ముకుంటూ ఈ వైపు వచ్చి, పరంధామయ్య గారికి వంట చేసిపెడుతూ ఎనిమిదేళ్ళు ఈ మకాంలోనే ఉందట. రహమతుల్లా గారు కబురు పంపితే బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి. ఇంట్లోకి రమ్మంటే గుమ్మం దగ్గరే ఆగి, "ఆ మంచం ఇటు కాదు సాయిబు గారూ, తూర్పు కిటికీకి ఉండాలి. చివర్లో చూపు పోయాక ఎండ మొహానికి తగిలితేగాని తెల్లారిందని అయ్యగారికి తెలిసేది కాదు" అంది.

రచయితకు చివరి నాలుగేళ్ళూ చూపు లేదని లోకానికి తెలుసు. చివరి నవల ఆయన చెబుతుంటే మేనల్లుడు రాశాడని కూడా అందరూ చెప్పుకునేవారు. చలపతిరావు గారు ఎమ్మే చదివినవారు, మంచి వక్త. అయితే ఆ రాతప్రతిని వరసగా పేర్చుతూ రహమతుల్లా గారు ఒక మధ్యాహ్నం ఆగిపోయారు. "అబ్బాయ్, ఇందులో ఒక్క ఒత్తక్షరమైనా కనిపిస్తోందా చూడు" అన్నారు. చూశాను. నాలుగు వందల పుటల్లో ఎక్కడా లేదు. భయం బయమే, ధాన్యం దాన్యమే. ఆయన వంటపాక వైపు వెళ్ళి, మాకు వండిపెట్టడానికి ఆ నాలుగు రోజులూ ఉండిపోయి అంట్లు తోముతున్న నాంచారమ్మను పిలిచారు.

"అమ్మా, నీకు రాయడం వచ్చా?"

ఆవిడ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "ఎవరితోనూ అనొద్దన్నారు అయ్యగారు. నవ్వుతారని" అంది.

"మేం నవ్వం."

ఆయన భూమి, ధాన్యం, భయం, ఘోష అని నాలుగు మాటలు చెప్పారు. నాంచారమ్మ నేల మీద కూర్చుని, నాలుక కొద్దిగా బయటపెట్టి, చిన్నపిల్లలా ఒత్తిపట్టి రాసింది. బూమి, దాన్యం, బయం, గోస. ళకారం తోక ఎలా ఉంటుందో చూద్దామని పళ్ళెం, కళ్ళెం అని కూడా రాయించారు. రాతప్రతి పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే చెయ్యి. ముప్పై ఆరో ఏట, తనకింకా చూపున్నప్పుడే, పలక మీద దిద్దించి ఆవిడకు అక్షరాలు నేర్పింది పరంధామయ్య గారేనట. "ఆయన చెప్పింది నేను రాసేదాన్ని. ఒక్కచోట మాత్రం నేను చెప్పింది ఆయన ఉంచారండీ. గాలివానలో పడవల కోసం ఆడవాళ్ళు ఒడ్డున నిలబడతారే, అది. ‘ఇది నాకు తెలియదు నాంచారీ, నువ్వే చెప్పు, నువ్వే రాయి’ అన్నారు." ఆ నవలలో అందరూ కంఠతా పట్టే ఘట్టం అదే. రహమతుల్లా గారు ఆ కాగితం మీద ఆ రోజు తారీఖు వేసి, తాను సంతకం చేసి, నాచేత కూడా చేయించి ఫైల్లో పెట్టారు.

ప్రారంభోత్సవానికి నెల ముందు చలపతిరావు గారు చీటీలన్నీ చదవడానికి వచ్చారు. గడప చీటీ దగ్గర కాస్త మొహం చిట్లించినా ఊరుకున్నారు. నాంచారమ్మ చేతి రాత అని ఉన్న రాతప్రతి చీటీ దగ్గర ఆగి, మళ్ళీ చదివి, చాలా మర్యాదగా అడిగారు.

"రహమతుల్లా గారూ, ఇదేమిటండీ?"

"ఉన్నదే రాయించానండీ."

"మామయ్య పల్లె మాటల్లో చెప్పారు, నేను అలాగే రాశాను. ఒత్తులు లేవంటే కారణం అది."

"అలా అయితే మీరు ఇప్పుడు నాలుగు మాటలు రాసివ్వండి. అదీ పక్కన పెడదాం. చూసినవాళ్ళే తేల్చుకుంటారు."

చలపతిరావు గారి మొహంలో నవ్వు పోయింది. కానీ గొంతు పెరగలేదు. "మా అత్తయ్య ఇంకా బతికే ఉన్నారు. చేపలమ్ముకునే ఆడమనిషి ఆయన నవల రాసిందని ఇక్కడ పెడితే, ఆవిడ ఎనిమిదేళ్ళు ఈ మకాంలో ఎందుకుందని జనం అడుగుతారు. మీ ఇంటి విషయమైతే మీరు పెడతారా?"

"మా ఇంటిని మ్యూజియం చేస్తే పెడతానండీ. మ్యూజియం కాకపోతే తలుపులు వేసుకుంటాను. తలుపులు తీసి అబద్ధం చూపించను."

మర్నాడు రహమతుల్లా గారు మూట కట్టుకున్నారు. వెళ్ళేముందు నన్ను రమ్మని అనలేదు, ఉండమనీ అనలేదు. బస్సు కోసం గట్టు మీద నిలబడి, "అబ్బాయ్, ఆయన అడిగే చీటీ నువ్వు రాయకపోతే ఇంకెవరైనా రాస్తారు. అది నాకు తెలుసు. ఇంకెవరినైనా రాయనీ" అన్నారు. అంతే.

ఆ వారంలోనే చలపతిరావు గారు నన్ను పిలిచారు. మ్యూజియానికి పర్మనెంటుగా ఒక క్యూరేటరు కావాలన్నారు. వయసులో చిన్నవాణ్ణయినా నామీద నమ్మకం ఉందన్నారు. మా నాన్న కూడా ఆ లారీ ఆఫీసులోనే పనిచేసేవారు, అప్పటికే ఒక చెయ్యి పడిపోయి మానేశారు. ఇదంతా సాకు కోసం చెప్పడం లేదు. సాకు అయితే ఇన్నేళ్ళలో ఎప్పుడో ఒకసారి నన్ను ఊరడించి ఉండాలి. చలపతిరావు గారు ఫైలు అడిగారు, ఇచ్చాను. నాంచారమ్మ రాసిన కాగితం తీసి నా ఎదురుగానే నాలుగు ముక్కలు చేశారు. నేను చూస్తూ నిలబడ్డాను. తర్వాత కొత్త చీటీ చెప్పారు, రాశాను. ‘రచయిత చెప్పుచుండగా వారి మేనల్లుడు శ్రీ చలపతిరావు గారు స్వహస్తములతో లిఖించిన ప్రతి.’ నా జీవితంలో అంత శ్రద్ధగా, అంత అందంగా ఇంకే చీటీ రాయలేదు. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

ప్రారంభోత్సవానికి షామియానా, మైకు, మంత్రిగారు, ఉపన్యాసాలు. జనం పలచబడ్డాక ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి నాంచారమ్మ లోపలికి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. ఆవిడకు చదవడం వచ్చని అప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు. గాజుపెట్టె ముందు వంగి, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది.

"స్వహస్తములంటే ఏంటి బాబూ?"

"సొంత చేతులు" అన్నాను.

"ఎవరివి?"

నేను తల దించుకున్నాను. పక్కనున్న ఆడవాళ్ళు "ఏం రాశారే?" అని అడిగితే, "అయ్యగారి గురించి గొప్పగా రాశార్లే" అంది. వెళ్ళబోతూ నావైపు తిరిగి, కోపం లేకుండానే, "దస్తూరీ నీదే కదూ. బాగుంది బాబూ" అంది. ఆ తర్వాత నేనావిడను చూడలేదు.

మరుసటి కార్తీకంలో ఉప్పెన వచ్చింది. సముద్రం పల్లెలకు పల్లెలను ఊడ్చుకుపోయింది. మకాం పెంకులు లేచిపోయాయి గాని గోడలు నిలిచాయి. పది రోజుల తర్వాత, మసీదు వాళ్ళతో కలిసి దుప్పట్లూ బియ్యమూ పంచడానికి వచ్చిన రహమతుల్లా గారు మోకాళ్ళ దాకా బురదతో వసారాలోకి వచ్చారు. నాంచారమ్మ పల్లెకు వెళ్ళి వచ్చారట. "ఇల్లు లేదు. ఇల్లుండిన చోటు చూపించడానికి కూడా ఎవరూ లేరు" అన్నారు. మంచినీళ్ళు ఇస్తే తాగి, గ్లాసు కింద పెట్టి అడిగారు.

"అబ్బాయ్, ఆ రోజు ఆవిడ రాసిన కాగితం ఉందా?"

"చలపతిరావు గారు చించేశారండీ."

"నువ్వు చూస్తుండగానా?"

"అవునండీ."

ఆయన నన్ను తిడతారని ఎదురుచూశాను. తిడితే కాళ్ళ మీద పడేవాణ్ణేమో. బురద పట్టిన పొలాల వైపు చూసి, "బతికుండగా ఆవిడ మాట మనం నిలబెట్టలేకపోయాం. పోయాక చూపించడానికి ఇంకేమీ లేదు" అన్నారు. ‘నువ్వు’ అనలేదు, ‘మనం’ అన్నారు. చెయ్యని తప్పులో ఆయన సగం తీసుకున్నారు. అది భరించడం నావల్ల కాలేదు. మూడేళ్ళకు ఆయన పోయారని తెలిసింది. గుణదల తిరునాళ్ళ రద్దీలో బస్సు దొరకలేదని నాకు నేను చెప్పుకుని వెళ్ళలేదు. నిజానికి ఆ రోజు బస్సు స్టాండు దాకా కూడా నేను పోలేదు.

నేను ఆ మ్యూజియంలో రిటైరయ్యేదాకా పనిచేశాను. వచ్చినవాళ్ళందరినీ గాజుపెట్టె దగ్గరికి తీసుకెళ్ళి, మేనల్లుడి భక్తి గురించి చెప్పాను. చెప్పగా చెప్పగా బాగా చెప్పడం అలవాటైంది. కొందరు కళ్ళు తుడుచుకునేవారు. చలపతిరావు గారు పోయాక సంఘానికి వచ్చిన కొత్తవాళ్ళతో ఒకసారి అసలు సంగతి చెప్పాను. ఓపికగా విని, "ఆధారం ఏమైనా ఉందా మాస్టారూ?" అన్నారు. లేదన్నాను. "ఇన్నేళ్ళు మీరే చెప్పారు కదండీ అలాగని" అని నవ్వారు. వాళ్ళను ఏమనగలను? ఇప్పుడు నా చీటీ స్థానంలో అదే వాక్యంతో ఇత్తడి పలక పెట్టారట.

ఎప్పుడైనా అలాంటి పాత ఇల్లు ఏదైనా చూడటానికి వెళ్తే, గోడల మీది పేర్లు చదవబుద్ధి కాదు. తిన్నగా వెనక్కి వెళ్ళి, ఈ వంటింట్లో ఎవరుండేవారని అక్కడి గుమస్తాను అడుగుతాను. చాలాచోట్ల "తెలియదండీ" అంటారు. అలా అనగలిగినవాళ్ళను చూస్తే నాకు అసూయ. నాకు తెలుసు.