గుర్రం కోసం ఆగిన బారాత్

మిర్యాలగూడలో మాది పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను కిరాయికిచ్చే ఇల్లు. పోయిన వేసవిలో మా ఆడగుర్రం రాణి నిండు చూడితో ఉంది. "ఇంకో వారం పడుతది" అంటూ మా ఆయన రెండో గుర్రాన్ని తీసుకుని కోదాడ పెళ్లికి వెళ్లాడు. సాయంత్రం రాణి చన్నుల చివర మైనంలాంటి బొట్లు చూసి మా అత్తమ్మ, "వారం గీరం లేదు, ఇయ్యాల్నే ఈనుతది!" అంది.

అన్నట్టే కాసేపటికి రాణి పడుకుని నొప్పులు పడసాగింది. పిల్ల ముందుకాళ్లు కనబడ్డాయి. సరిగ్గా అప్పుడే మా వీధిలోకి ఓ బారాత్ వచ్చింది. బ్యాండు వినగానే రాణి దిగ్గున లేచి, అలవాటు కొద్దీ గిట్టలెత్తి ఆడటం మొదలుపెట్టింది! నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తి, బ్యాండుకి అడ్డంగా నిలబడ్డాను.

"అన్నా, జర ఆపుండ్రి! మా గుర్రం ఈనుతాంది!"

బ్యాండు ఆగింది. పెళ్లికొడుకే కారు దిగి, "ఎవ్వరు సప్పుడు చెయ్యొద్దు" అన్నాడు. రాణి మళ్లీ పడుకుంది. పిల్ల జారి గడ్డిలో పడింది. ఆడపిల్ల!

బ్యాండువాళ్లు డప్పులు చంకన పెట్టుకుని, పెళ్లివాళ్లతో కలిసి మునివేళ్ల మీద మా ఇల్లు దాటారు. వీధి చివర బ్యాండు మళ్లీ మోగగానే, ఇంకా తడారని మా పిల్ల చెవులు నిక్కించింది.

ఆ పెళ్లికొడుకు పేరేమిటో మాకు తెలియదు. ఆయన పెళ్లిరోజు మాత్రం మా ఇంట్లో ఎవరం మరిచిపోం.