కొబ్బరినూనె అద్దం

మా వాచీల మావయ్య గారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్నే వాళ్ళ వీధి నుంచి మనిషి వచ్చి చెప్పాడు, నిద్రలోనే ప్రాణం పోయిందని. అప్పటికి మా అమ్మ పెరట్లో దుప్పటి కప్పుకుని, రెండు అరచేతుల మధ్య సెల్‌ఫోను పట్టుకుని కూర్చుంది. కబురు విని ఏడవలేదు, లేవలేదు. ఫోను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఎందుకో మీకు అర్థం కావాలంటే ఆయన గురించి కొంచెం చెప్పాలి.

చుట్టరికం ఏమీ లేదు. అమలాపురంలో నా ఎస్టీడీ బూతుకీ ఆయన వాచీల కొట్టుకీ మధ్య ఒకటే గోడ. అమ్మ ఆయన్ని అన్నయ్య గారనేది కాబట్టి నాకు మావయ్య గారయ్యారు. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దున్న కూర్చుంటే భోజనానికి వెళ్ళేటప్పుడు కూడా తియ్యడం మర్చిపోయేవారు. అత్తయ్య గారు గుమ్మంలోనే ఆపి తీయించేవారు. కంటి చుట్టూ గుండ్రంగా పడ్డ ఆ నొక్కు ఆదివారాలు కూడా పోయేది కాదు.

గీతలు పడ్డ వాచీ అద్దాన్ని పళ్ళపొడితో, మెత్తటి పంచె ముక్కతో గంటలకొద్దీ రుద్దేవారు. అయ్యాక నన్ను పిలిచేవారు. "అమ్మాయ్, దీంట్లోంచి చూసి ఎదర సోడా కొట్టు బోర్డు చదువు." నాకు ఆ బోర్డు కంఠతా వచ్చు. చూడకుండానే అప్పజెప్పేసేదాన్ని. నాలుగు రోజుల్లో కనిపెట్టేశారు. అక్కణ్ణుంచి గోడ క్యాలెండరులో సన్నక్షరాల్లో ఉండే తిథులూ వర్జ్యాలూ చదివించేవారు. "అద్దం కనబడిందంటే పని చెడ్డట్టేనమ్మాయ్, వెనకాల ఉన్నదే కనబడాలి" అనేవారు.

తరవాత సెల్‌ఫోన్లు వచ్చాయి. నేను బూతులో ఈగలు తోలుకుంటూ ఫోన్లని తిట్టుకునేదాన్ని. టైము ఫోన్లోనే కనబడుతుంటే వాచీలు మాత్రం ఎవరికి కావాలి? ఆయన తిట్టలేదు. పగిలిన ఫోను అద్దాలు పోగుచెయ్యడం మొదలెట్టారు. "పగిలితే పారేసి కొత్తది వేస్తన్నారు తప్ప, బాగయ్యేలాగ చెయ్యాలని ఒక్కడికీ తోచలేదేంటండీ?" అని కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళనీ అడిగేవారు. ఆయన ఆలోచన ఇదీ: డిస్‌ప్లే మీద అద్దం ఒకటి కాదు, పల్చటివి రెండు ఉండాలి. దెబ్బలన్నీ పైది తినాలి. దాన్ని ఊడదీసి రుద్దుకోవచ్చు, కాదంటే మార్చుకోవచ్చు. చిక్కల్లా మధ్యలో గాలితోనే. గాలుంటే బొమ్మ మసకేస్తుంది. అందుకని ఆ సందులో తేటగా ఉండేది ఏదైనా పోసి అంచులు మూసెయ్యాలి. పాత క్యాలెండరు కాగితాల వెనక అంతా ఈ బొమ్మలే గీసేవారు.

ఆ రోజుల్లోనే కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మా తమ్ముడు యాక్సిడెంటులో పోయాడు. పెట్టెతో పాటు వాడి సంచీ వచ్చింది, సంచీలో ఫోను. బొత్తాం నొక్కితే వాడి నవ్వు మొహం వెలిగేది. కానీ పై అద్దం పగిలి, ఆ నవ్వు నిండా బీటలు. ఆ మోడలుకి అద్దం దొరకదన్నారు. స్టూడియోలో ఫోటో కాగితం మీద వేయించి ఇచ్చినా అమ్మ ఒప్పుకోలేదు. ఆవిడకి వెలిగే మొహమే కావాలి.

మావయ్య గారు ఫోను తీసుకెళ్ళి పన్నెండు రోజులు ఉంచుకున్నారు. వైశాఖం ఎండల్లో తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. బీట లేదు, మసక లేదు. చిన్నప్పుడు కొబ్బరిమట్ట గీరుకుని తమ్ముడి కనుబొమ మీద పడ్డ మచ్చ కూడా కనబడింది. "అసలు అద్దం ఉందాండీ?" అంది అమ్మ. ఆయన్ని అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు.

మార్గశిరం వచ్చింది. ఒక పొద్దున్న అమ్మ కేక పెట్టింది. బొత్తాం నొక్కితే వెలుగు వస్తోంది గానీ మొహం లేదు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అమ్మని అలాగే వదిలేసి కొట్టుకి పరిగెత్తాను.

"ఏం పోసేరండీ దాంట్లో?"

"కొబ్బరినూనమ్మాయ్. తేటగా ఉంటదని..." అంటూనే ఆగిపోయారు.

కొబ్బరినూనె చలికి పేరుకుంటుందని మా కోనసీమలో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆ పొద్దున్నే తలకి రాసుకోడానికి సీసా పొయ్యి దగ్గర పెట్టి కరిగించుకున్నదాన్ని నేను. ఆయన మండువేసవిలో చేశారు, అప్పుడు తట్టలేదు. అయినా నా నోరు ఊరుకోలేదు. "చేతకానప్పుడు ఎందుకు ముట్టుకున్నారండీ? మా వాణ్ణి రెండోసారి చంపేరు" అన్నాను. ఆయన కంటికున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా నా వెనకాలే వచ్చారు.

మేం వచ్చేసరికి అమ్మ ఫోన్ని అరచేతుల్లో మూసుకుని, గుండెలకి అదుముకుని ఏడుస్తోంది. "ఇలా ఇవ్వండి చెల్లెమ్మ గారూ, మొత్తం విప్పేసి కడిగేస్తాను" అన్నారు. అమ్మ చేతులు తెరిచింది. ఒంటి వేడికి నూనె కరిగిపోయింది. తమ్ముడు నవ్వుతున్నాడు.

"విప్పొద్దండి అన్నయ్య గారూ" అంది అమ్మ. "కాసేపు పట్టుకుంటే వచ్చేస్తన్నాడండి."

"ఆయ్" అన్నారు. తల మాత్రం ఎత్తలేదు.

అమ్మకి అది చాలింది, ఆయనకి చాలలేదు. వేరే అద్దాల జతల్లో ఆముదం పోస్తే పచ్చగా కనబడింది. గ్లిజరిన్ పోస్తే నెల తిరక్కుండా బుడగలొచ్చాయి. ఇంకా ఏవేవో పోశారు. చలికాలం పొద్దున్నే చూస్తే కిటికీ చువ్వల దగ్గర మంచుకి పెట్టిన అద్దాల జతలు వరసగా ఉండేవి. ఒక్కొక్కటే తీసి క్యాలెండరు ముందు పట్టుకుని తనే చదువుకునేవారు. నన్ను పిలవడం మానేశారు. నేనూ వెళ్ళి 'ఇలా ఇవ్వండి, నేను చదువుతాను' అనలేదు. ఆ రోజు అన్న మాటకి తప్పు చెప్పుకుందాం, రేపు చెప్పుకుందాం అనుకుంటూ నాలుగు చలికాలాలు గడిపేశాను. మధ్యలో ఉన్నది ఒక్క గోడే. సిగ్గుగా ఉంది ఇప్పుడు రాయడానికి కూడా.

నిన్న చూడ్డానికి వెళితే అత్తయ్య గారు చిన్న కాగితం పొట్లం నా చేతిలో పెట్టారు. పైన ఆయన రాత: చెల్లెమ్మ గారికి. "ఇది తెల్లబడ్డం లేదన్నారమ్మా. ఇంకో రెండ్రోజులు చలికి పెట్టి చూసి, అమ్మాయి చేత చదివించి ఇద్దామన్నారు" అన్నారావిడ. అందులో ఏం పోశారో ఆవిడకి తెలీదు.

ఇవాళ పొద్దున్న పెరట్లో వణుకుతూ ఆ పొట్లం విప్పి అద్దాల జత బయటికి తీశాను. క్యాలెండరు గోడ మీంచి తీసి ముందు పెట్టుకుని, ఆ అద్దంలోంచి పైకే చదివాను. తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం, అడుగున ఉన్న అతి సన్న అక్షరాల దాకా. అద్దం ఎక్కడా కనబడలేదు. సరే అనే మనిషి లేడు.

అమ్మ దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ పొట్లం కట్టేసింది. "ఇది వేయించుకుంటే అన్నయ్య గారు వేసింది తీసెయ్యాలి కదే" అంది.

తరవాత ఫోను నా చేతుల్లో పెట్టి, నా చేతుల మీద తన చేతులు మూసింది. కాసేపటికి తెరిచి చూశాం. తెలుపు అంచుల నుంచి కరుగుతోంది. ముందు చెవి వచ్చింది, తరవాత కనుబొమ మీద మచ్చ. నవ్వు ఇంకా రాలేదు. మళ్ళీ చేతులు మూసుకున్నాం.