టార్చి వేసి చూసిన మాత్ర

నేను పెంచి చెబుతాను. ముందే ఒప్పేసుకుంటున్నాను. రిసాలి టౌన్‌షిప్‌లో మా క్వార్టరు కప్పు నుంచి రెండు చుక్కలు కారితే, ఊరి పక్కనున్న శివనాథ్ నది మా హాల్లోంచి పారుతోందని స్టీలు ప్లాంటులో అందరికీ చెప్పిన మనిషిని. అంచేత కింది కొలతల్లో సగం తీసేసి చదువుకోండి.

మా ఆవిడకు థైరాయిడ్. రోజూ పరగడుపున ఒక మాత్ర. డాక్టరు మోతాదు పెంచుతూనే పోయాడు, రిపోర్టు మాత్రం కదల్లేదు. రక్తం పట్టడానికిచ్చిన ఐరన్ మాత్రలదీ అదే కథ. వంటింట్లోంచి హాల్లోకి రావడానికి ఆవిడ నాలుగు స్టేషన్లలో ఆగేది.

నేను ప్లాంటులో నూనె పైపులు చూసుకునేవాణ్ణి. మీటరులో రీడింగు పడిపోతే ముందు ఆపరేటర్ని అనుమానిస్తాం. పైపు విప్పడం ఆఖరి పని. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాను. పొద్దున్నే టార్చి పట్టుకుని ఆవిడ ఎదురుగా నిలబడ్డాను.

"నోరు తెరువు. నాలిక ఎత్తు."

"ఏటండీ ఇది? మింగీసినానని చెప్తన్నాను కదా!"

"మరి రిపోర్టేటి చెప్తంది?"

"అయితే ఆ రిపోర్టుతోనే కాపరం చేసుకోండి!"

పక్క క్వార్టరు దీదీ గోడ మీంచి సలహా విసిరింది. "చావల్ మే తాకత్ నహీ హై భయ్యా, భాభీకో రోటీ ఖిలాయియే."

నిజమే కాబోలు, అన్నంలో బలం లేదేమో అనుకున్నాను. మా నాన్న శ్రీకాకుళం నుంచి మోసుకొచ్చిన అన్నాన్ని ఒక్క పూటలో రద్దు చేశాను. పొద్దున ఎప్పుడూ ఉండే గోధుమరవ్వ ఉప్మాకు తోడు రెండు పూటలా గోధుమ రొట్టెలు. కడుపు ఉబ్బరంగా ఉందని ఆవిడంటే "అలవాటైపోద్దిలే" అన్నాను. ముప్ఫై రొట్టెలు తినిపించానని రాయబోయి ఆగాను. పూటకు నాలుగు.

మూడో నెలలో ఆవిడ మెట్ల మీద కూలబడింది.

ఈసారి చూసిన డాక్టరమ్మ మాత్రల సంగతి తర్వాత, ముందు ఏం తింటున్నారో చెప్పమంది. రక్తపరీక్ష చేయించింది. గొట్టం వేసి చిన్నపేగులోంచి చిన్న ముక్క తీయించింది. సీలియాక్ అని తేలింది. గోధుమలో ఉండే గ్లూటెన్ పడక పేగు లోపలి పొర దెబ్బతింటుందట. తిండినీ, చాలా మందులనూ ఒంట్లోకి తీసుకోవలసింది ఆ పొరే.

"ఈవిడ రోజూ సరిగ్గానే మింగారు. లోపల అందుకోవలసినదే పాడైంది," అంది డాక్టరమ్మ.

ఆపరేటర్ తప్పేమీ లేదు. పాడైంది పైపు. దాన్ని పూటకు నాలుగు రొట్టెలతో ఇంకా పాడు చేసింది నేను.

గోధుమ మానేశాం, అన్నం తిరిగొచ్చింది. పేగు కోలుకునే కొద్దీ పాత మోతాదు ఎక్కువైపోవచ్చని డాక్టరమ్మ మళ్లీ మళ్లీ పరీక్ష చేయించి, కొన్ని నెలలకు మాత్ర తగ్గించింది. ఆవిడ ఇప్పుడు హాల్లోకి నాన్‌స్టాప్‌గా వస్తోంది.

సీలియాక్ అని తేలిన సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్లి, "నిన్ను దొంగలా చూశాను. తప్పు నాదే," అన్నాను. ఆవిడ నవ్వి అన్నం వడ్డించింది.

నేను కల్పించింది ఈ చివరి రెండు ముక్కలే. టార్చి నిజం, రొట్టెలు నిజం. ఆ మాట మాత్రం ఇంతవరకూ నా నోట్లోంచి రాలేదు. పొద్దున్నే మాత్ర వేళకు పేపరు అడ్డం పెట్టుకుంటాను. ఆవిడ మాత్ర మింగి, నా దగ్గరికొచ్చి, పేపరు కిందికి దించి, నోరు తెరిచి, నాలిక ఎత్తి చూపించి మరీ వెళుతుంది.