రంగూన్ నుంచి తెచ్చిన మాట

సముద్రపొడ్డు ఊరైన జువ్వలదిన్నెలో భార్యనూ కొడుకునూ విడిచి వెళ్లిన పోలేరయ్య రంగూన్‌లో ఒక కాంటన్ చీనా మేస్త్రి వడ్రంగి దుకాణంలో ఏళ్ల తరబడి రంపం లాగాడు. అక్కడే ఆ మాట విన్నాడు. ఉలులు దొంగిలించి పారిపోయిన మేనల్లుడు తిరిగొస్తే, ముసలి మేస్త్రి అందరి ముందూ "గెయ్ వోంగ్ బత్ గౌ" అన్నాడు. 'పోనీలే' అని కాబోలనుకున్న పోలేరయ్య, మర్నాడు టేకుపలక వంకరగా కోసి తనే ఆ మాట అనేశాడు. దుకాణమంతా గొల్లుమంది. మేస్త్రి నవ్వలేదు.

"అది తప్పు చేసినవాడు అనేది కాదు. నష్టపోయినవాడు అనాలి, జరిగినదానికి ఇక నిన్ను తప్పుపట్టనని. పెద్దమాట. అన్నాక మళ్లీ ఆ సంగతి ఎత్తకూడదు" అని వచ్చీరాని బర్మా భాషలో చెప్పాడు.

1958లో ఊరినుంచి వచ్చినవాడొకడు కబురు తెచ్చాడు. పోలేరయ్య తమ్ముడు పెంచలయ్య, గాలి ముదిరింది వద్దన్నా వినక, అన్నకొడుకు కామాక్షయ్యను పడవెక్కించుకుని చేపల వేటకు పోయాడు. పడవ తిరగబడింది. తమ్ముడొక్కడే ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. ఇక వాడి మొహం చూడనని పోలేరయ్య ఊరికి రావడమే మానేశాడు.

1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలను స్వాధీనం చేసుకోవడంతో ఓడెక్కక తప్పలేదు. మద్రాసులో దిగి ఊరు చేరేసరికి పెంచలయ్య క్షయతో మంచాన ఉన్నాడు. అన్నను చూసి లేవబోయి, లేవలేక ఏడ్చాడు. పోలేరయ్యకు తెలుగు మాటేదీ నోటికి రాలేదు.

"గెయ్ వోంగ్ బత్ గౌ" అన్నాడు.

"ఏందన్నా?"

"జరిగిందానికి నిన్నింక తప్పుపట్టనురా. మళ్లా ఆ మాటెత్తను."

తమ్ముడు అతని చెయ్యి తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి భార్య ముసలమ్మకు చెప్పాడు. వల బాగుచేస్తున్న ఆమె తలెత్తలేదు.

"నువ్వంటే అనుకో. నేను అనను. బిడ్డ కోసం ఈ ఒడ్డంతా తిరిగింది నేను. మొహం ఉబ్బిపోయుంటే మొలతాడు చూసి గుర్తుపట్టింది నేను. అప్పుడు నువ్వు యాడుండావయ్యా?"

 తమ్ముడి మీద కోపంతో పోలేరయ్య ఆమెను ఒంటరిగా వదిలేశాడు. దానికి ఆ పెద్దమాట అనవలసింది ఆమే. అనమని అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

పెంచలయ్య ఆ ఏటి వానల్లోనే పోయాడు. ముసలమ్మ వెళ్లి తోడికోడలి పక్కన కూర్చుంది గానీ శవం వైపు చూడలేదు. తిరిగొచ్చి మొగుడికి అన్నం పెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఇంట్లోనే చాలా ఏళ్లు బతికారు. ఆమె మళ్లీ ఏనాడూ అతన్ని నిందించలేదు. తప్పుపట్టనని కూడా అనలేదు.